వంకర నాజిల్

పోయిన వారం మా వీధిగేటు బందు విరిగిపోతే, గేటు ఆటోలో వేయించుకుని ఎర్రవంతెన అవతల ఉన్న వెల్డింగు షాపుకి పట్టుకెళ్లాను. ఫోను చేస్తే వాళ్లే వచ్చి పట్టుకెళతారని ఇంట్లో అందరూ చెప్పారు గానీ, ఇనుప పని నా కళ్లముందు జరగకపోతే నాకు ఆ పూట అన్నం సహించదు. షాపు నడిపే అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. మర్యాదస్తుడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ కూడా తెప్పించాడు. ఆ టీ సగం తాగానో లేదో, పల్చటి రేకు కొయ్యడానికి అతను అందుకున్న కటింగ్ టార్చికి బిగించిన నాజిల్ చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. అంగుళం మందం దిమ్మలు కొయ్యడానికి వాడే నాజిల్ అది. సన్నది లేదా నాయనా అని అడిగితే, అతను నవ్వుతూ, “దేనికైనా ఇదొక్కటేనండి తాతగారూ, సరిపోద్దండి,” అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి వీధిలో నలుగురూ ఆగి చూసేలా కేకలేశాను. ఏమేమన్నానో ఇక్కడ రాస్తే బాగుండదు. టీ గ్లాసు, గేటు రెండూ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడుకున్నాను.

పడుకున్నాక తెలిసింది, నా కోపం ఆ షాపతని మీద కాదని. దేనికైనా ఇదొక్కటే అన్న ఆ మాట, నలభై ఏళ్ల కిందట నా తోడల్లుడు రోజుకి పదిసార్లు నా మొహాన కొట్టిన మాట. అతను పోయి రెండేళ్లయింది. మనిషి పోయినా మాట మాత్రం ఎక్కడో ఒకచోట ఎవరి నోట్లోంచో వచ్చి నన్ను పట్టుకుంటూనే ఉంది.

మన కాలం వాళ్లకి కూడా ఈ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇనుము కొయ్యడం అందరూ దూరంనుంచి చూసినవాళ్లే తప్ప దగ్గరకొచ్చి చూసినవాళ్లు తక్కువ. రెండు రబ్బరు గొట్టాల్లో ఒకదాంట్లో ఆక్సిజను, ఇంకోదాంట్లో కార్బైడు డ్రమ్ములోంచి వచ్చే గ్యాసు, రెండూ టార్చిలో కలిసి దాని మూతికి బిగించిన రాగి నాజిల్‌లోంచి మంటగా బయటికొస్తాయి. నాజిల్ మూతికి చుట్టూ చిన్న చిన్న బెజ్జాలు, నడుమ ఒక బెజ్జం ఉంటాయి. చుట్టూ ఉన్న మంట ఇనుమును ఎర్రగా కాలుస్తుంది, నడుమ బెజ్జంలోంచి వచ్చే ఆక్సిజను ఆ ఎర్రబడ్డ ఇనుమును కోసుకుంటూ పోతుంది. రేకు పల్చనైతే సన్న బెజ్జం, దిమ్మ మందమైతే పెద్ద బెజ్జం. ఇవి కాక మూతి ఒంగి ఉండే నాజిల్ ఇంకొకటి ఉంటుంది. అది కొయ్యడానికి కాదు, పైపైన గీరడానికి. పాత వెల్డింగు పగిలినప్పుడు పగులు మేరకే ఇనుమును కరిగించి గాడిలా తోడెయ్యాలంటే అదే కావాలి. దాంట్లోంచి ఆక్సిజను నెమ్మదిగా, వెడల్పుగా వస్తుంది, అందుకని రేకు అవతలికి దిగకుండా పైపొర మాత్రమే లేస్తుంది. ఇంతకంటే మీరు తెలుసుకోవలసింది ఏమీ లేదు.

డెబ్బైల చివర్లో నేను కాకినాడలో ఐటీఐ చదివి, పెళ్లయ్యాక అమలాపురంలో మా మామగారి వర్కుషాపులో చేరాను. ఆయనకి మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దల్లుడు అప్పటికే ఎనిమిదేళ్లనుంచి ఆ షాపులో టార్చి పట్టుకుంటున్నాడు. రామచంద్రపురంలో ఒక రైసుమిల్లులో ఎవరూ నేర్పకుండానే పని పట్టేసిన మనిషి. ఆ రోజుల్లో మా షాపులో టార్చి ఎవరి చేతిలో ఉంటే షాపు రేపు వాడిదేనని ఊరందరికీ తెలుసు. మామగారు అరవైకి దగ్గరపడుతున్నారు. కనుక నేను ఆ షాపు గడప తొక్కిన రోజే ఒక ఒరలో రెండు కత్తులు చేరాయి.

అతని చెయ్యి మంచిది. ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే గానీ, గీత గియ్యకుండా రెండు గజాల పట్టీని నిలువునా కోసి చూపించగలిగేవాడు. అతని చెడ్డ గుణమల్లా ఒకే నాజిల్‌ని, అంగుళం దిమ్మకి వాడేదాన్ని, టార్చికి బిగించి ఉంచేసి సర్వరోగాలకీ అదే మందన్నట్టు తిరగడం. బెజ్జం పూడిపోతే సైకిలు చువ్వ పెట్టి గీకేవాడు. గీకి గీకి ఆ గుండ్రటి బెజ్జం కోడిగుడ్డులా సాగిపోయింది. మిగతా నాజిళ్లన్నీ ఒక చెక్కపెట్టెలో తాళం వేసి ఉంచి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు. వాడడు, వాడనివ్వడు. నేను ఐటీఐలో నేర్చుకున్న పట్టిక ఒకటి, ఎంత మందానికి ఏ నాజిలో రాసి ఉన్నది, గోడకి అంటించాను. మర్నాటికి దాంతో గ్రీజు చేతులు తుడుచుకున్నాడు.

మా కోనసీమ తగాదాలు బయటివాళ్లకి అర్థం కావు. మేం ఒక్కసారి కూడా ఏకవచనంలో తిట్టుకోలేదు. నేను అతన్ని అన్నయ్యగారు అనేవాణ్ణి, అతను నన్ను తమ్ముడుగారు అనేవాడు. కోపం ముదిరిన కొద్దీ అండీలు పెరిగేవి. “తమ్ముడుగారు పుస్తకంలో చూసి చెబుతారండి, అందాకా ఇనుముని కాసేపు ఆగమనండి,” అని నలుగురు రైతుల ముందు అనేవాడు. నేను వెంటనే, అన్నయ్యగారు కోసిన అంచుకి ఎలకలు కొరికిన అంచుకి తేడా ఏమిటో ఎవరైనా చెప్పండి బాబూ అనేవాణ్ణి. నా స్పానర్లు మాయమై కార్బైడు బురదలో తేలేవి. అతని నల్లకళ్లద్దాలకి నేను గ్రీజు పూసిన రోజులున్నాయి. ఇవి చిలిపిపనులని ఎవరైనా అనుకుంటారేమో, కాదు. పొద్దున్న లేవగానే అతని మొహం గుర్తొచ్చి నాకు నోరు చేదుగా ఉండేది. మేం ఉప్పూ నిప్పూ. మా ఇద్దరి ఆడవాళ్లు, తోడబుట్టినవాళ్లు, దడికి అటూ ఇటూ నిలబడి కూర గిన్నెలు మార్చుకుంటుంటే కూడా నాకు గిట్టేది కాదు.

మామగారు దైవభక్తుడు. మా చర్చిలో నెలకి మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, అంటే అందరూ ప్రభువు పేరున రొట్టె పంచుకుంటారు, మనసులో ఎవరిమీదనైనా పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని కట్టడి. అందుకని ప్రతి నెలా శనివారం సాయంత్రం షాపు కట్టేశాక ఆయన మా ఇద్దర్నీ నీళ్లతొట్టి దగ్గర నిలబెట్టి చేతులు కలపమనేవారు. మేం రెండేసి వేళ్లు తగిలించి వదిలేసేవాళ్లం. ఆయన ఆ వేళ్లు చూసి నిట్టూర్చి, చాలులెండి బాబూ, దేవుడు మీ కంటే ఓపికస్తుడు అని లోపలికి పోయేవారు. మర్నాడు ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం, నడుమ ఆయన.

వంకర నాజిల్ సంగతికొస్తాను. మా షాపు చెక్కపెట్టెలో అన్నీ ఉన్నా ఆ ఒక్కటీ లేదు. పాత వెల్డింగు తియ్యాలంటే మావాళ్లు ఉలితో కొట్టేవాళ్లు, రోజులు పట్టేది. ఒకసారి కాకినాడ వెళ్లినప్పుడు నేను నా సొంతానికి ఒకటి కొని తెచ్చుకుని, షాపులో ఎవరికీ ఇవ్వకుండా నా దగ్గరే పెట్టుకున్నాను. తెచ్చిన రోజు మాత్రం అందరికీ చూపించాను. తోడల్లుడు దాన్ని చేత్తో ముట్టుకోకుండా ఒంగి చూసి, కింద పడి ఒంగిపోయిందేమోనండి, తిన్నగా కొట్టించుకోండి అన్నాడు. ఆ వేళే నేను మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఎప్పుడో ఒకరోజు ఈ మనిషి నోటితో ఇది కావాలని అడుగుతాడు, అడిగేదాకా ఇవ్వకూడదని.

ఆ రోజు రానే వచ్చింది. ఎనభైల మొదట్లో, రేవు నడిపే కాంట్రాక్టరు ఒకాయన తన పంటు అడుగు పగిలిందని కబురు పెట్టాడు. బస్సుల్ని కూడా గోదారి దాటించే ఇనుప పంటు అది. గోదారికి వరద ఎర్రనీరు వచ్చేలోగా మళ్లీ నీళ్లలో దిగాలి, కనుక ఉలితో కొట్టుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. మేం వెళ్లేసరికి దాన్ని ఒడ్డుకి లాగి కొబ్బరి దుంగల మీద నిలబెట్టారు. పగులు ఎంతదాకా పోయిందో కనిపెట్టడానికి మామగారికి ఒక పద్ధతి ఉంది. రేకుకి బయటవైపు సున్నం పూసి, లోపలవైపు కిరసనాయిలు రాస్తారు. పగులు ఉన్నంత మేరా సున్నం మీద తడిచార పాకుతుంది. ఆ చార వెంబడి గీత గీసుకుని, కిరసనాయిలు శుభ్రంగా తుడిచి, ఒకరోజు ఆరనిచ్చి, మర్నాడు పొద్దున్న పని మొదలుపెట్టాం.

మామగారు పంటు కడుపులోకి దిగారు. రేకు లోపలవైపు తడి గోనె అదిమిపెట్టి, దాని మీద కుడి అరచెయ్యి ఆనించి కూర్చోవడం ఆయన అలవాటు. వేడి ఎక్కడిదాకా వచ్చిందో ఇనుము అరచేతికి చెబుతుందనేవారు. ఎడమచేత్తో సుత్తి పట్టుకుని, ఒక దెబ్బ కొడితే కానివ్వమని, రెండు కొడితే ఆపమని. బయట టార్చి తోడల్లుడిది. ఆక్సిజను సిలిండరు దగ్గర ఒత్తిడి పెంచి తగ్గించే పని నాది.

వంకర నాజిల్ ఆ రోజు నా చొక్కా జేబులో ఉంది. మర్చిపోయి కాదు, కావాలనే, మూతి బయటికి కనిపించేలా పెట్టుకున్నాను. పంటు అడుగు రేకు పావంగుళం మందం. తుప్పు తిన్నచోట అంత కూడా లేదు. అంగుళం దిమ్మ కోసే నాజిల్‌తో దాన్ని గీరబోతే ఏమవుతుందో నాకు తెలుసు. అతనికీ తెలుసు. టార్చి వెలిగించబోయే ముందు అతను నా జేబు వైపు చూశాడు. ఒక్క మాట, ఇలా ఇవ్వండి అని ఒక్క మాట అంటే ఇచ్చేసేవాణ్ణి, అంతవరకు నేను నిజమే చెబుతున్నాను. పంటు కాంట్రాక్టరు, కళాసీలు, రేవులో జనం అంతా చుట్టూ ఉన్నారు. అతను అడగలేదు. నేను ఇవ్వలేదు. పెద్దల్లుడు అడగడు, చిన్నల్లుడు ఇవ్వడు. అతను తన కోడిగుడ్డు బెజ్జం నాజిల్‌తోనే టార్చి వెలిగించి, పక్కకి బాగా వంచి పట్టుకుని, పైపైన గీరడం మొదలుపెట్టాడు. కొంతమేర బాగానే వచ్చింది, అంత చెయ్యి అతనిది. తరవాత గాడి నిండా కరిగిన ఇనుము మడ్డి పేరుకుని కదలడం మానేసింది.

“కొంచెం పెంచండి తమ్ముడుగారూ,” అన్నాడు నా వైపు చూడకుండా.

ఆ నాజిల్‌కి ఒత్తిడి పెంచితే గీరడం ఉండదు, పొడవడమే. అది నాకు పట్టికలో రాసినంత స్పష్టంగా తెలుసు. లోపల మామగారి చెయ్యి ఎక్కడుందో కూడా తెలుసు.

“ఆయ్,” అని తిప్పాను.

ఎందుకు తిప్పానంటే, రేకుకి చిల్లి పడాలి, నలుగురిలో అతని పరువు పోవాలి, అంతే నా మనసులో ఉన్నది. ఆ చెయ్యి నాకు గుర్తుందా అంటే ఉంది. గుర్తుండి కూడా తిప్పానా అంటే తిప్పాను. దీనికి ఇంకో రకంగా చెప్పుకోవడానికి నలభై ఏళ్లు ప్రయత్నించాను, కుదరలేదు. లోపల్నుంచి సుత్తి రెండు దెబ్బలు వినిపించాయి. రెండో దెబ్బ పడుతుండగానే మంట అవతలికి దిగిపోయింది. కరిగిన ఇనుము గోనె చీల్చుకుని ఆయన చేతిమీద పడింది. ఆ కేక గురించి రాయను.

ఆసుపత్రిలో చాలా రోజులున్నారు. చెయ్యి మిగిలింది గానీ నాలుగు వేళ్లూ అంటుకుపోయి గరిటెలా అయిపోయింది. మా మూడు మండలాల్లో ఆయనంత సన్నంగా వెల్డింగు చేసేవాడు లేడు, ఆ చేత్తో ఆయన మళ్లీ అన్నం కలుపుకోలేదు. మంచం మీదినుంచే ఆయన అన్న మాట, చిన్నల్లుడైతే ఇలా చేసుండేవాడు కాదు అని. టార్చి నాకిమ్మన్నారు. తోడల్లుడు ఆ సాయంత్రమే మొలతాడునుంచి తాళంచెవి విప్పి నా అరచేతిలో పెట్టాడు. ఒత్తిడి ఎవరు పెంచారో చెప్పలేదు, జేబులో ఏముందో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రెండోరోజు వంకర నాజిల్ బిగించి ఆ పంటు పని నేనే పూర్తిచేశాను. పగులు వెన్నలా లేచొచ్చింది. రేవులో అందరూ శభాష్ అన్నారు, కాంట్రాక్టరు శాలువా కప్పాడు.

ఆయన ఇంటికొచ్చాక మొదటి ఆదివారం ముందు శనివారం సాయంత్రం, కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడదీసుకుని, ఎప్పటిలాగే మమ్మల్ని నీళ్లతొట్టి దగ్గరికి పిలిచారు. ఈసారి మా చేతులు ఆయనే తన ఎడమచేత్తో పట్టి కలిపారు. నా తోడల్లుడి చెయ్యి చల్లగా ఉంది. ఆయన చాలాసేపు వదల్లేదు. “పెద్దబాబుని తప్పుపట్టకండి చిన్నబాబూ, పొరపాటు ఎవరికైనా జరుగుద్దండి,” అన్నారు నాతో. తోడల్లుడు తలవంచుకుని నిలబడ్డాడు. భూమి చీలితే బాగుండునని నాకు అప్పుడు అనిపించలేదు. ఇతనెందుకు నిజం చెప్పడు, ఎందుకు నన్నిలా నిలబెట్టి చంపుతున్నాడు అనే అనుకున్నాను.

మర్నాడు బెంచీ మీద మామగారు అటు చివర కూర్చున్నారు, కాబట్టి మా ఇద్దరి మధ్యా ఎవరూ లేరు. ఆయన ఎడమచేత్తో రొట్టె తీసుకుని పళ్లెం పెద్దల్లుడికి అందించారు. అతను తీసుకుని, పళ్లెం నా వైపు చాచి, వదలకుండా పట్టుకున్నాడు. పట్టుకుని నా చొక్కా జేబు చూశాడు. జేబులో ఆ వేళ ఏమీ లేదు, పాటల పుస్తకం తప్ప. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబు మీదికి పోయింది. అతను పళ్లెం వదిలేశాడు. నేను రొట్టె ముట్టుకోకుండా పక్కవాళ్లకి అందించేశాను. ఆ తరవాత ఎన్ని మొదటి ఆదివారాలు వచ్చాయో, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. పగ అతనికి నా మీద ఉండాలి, న్యాయంగా. ఉండిపోయింది మాత్రం నాకు అతని మీద. చెడ్డవాడైతే కొట్టి తిట్టి మర్చిపోవచ్చు. మన గుట్టు దాచిపెట్టి కూర్చున్నవాణ్ణి ఏం చేస్తాం?

అతను తిరిగి రామచంద్రపురం రైసుమిల్లుకే వెళ్లిపోయాడు. దడికి అటూ ఇటూ గిన్నెలు మారడం ఆగిపోయింది. మా ఆవిడ అక్కకోసం చాలా ఏడ్చింది, మీ ఇద్దరికీ అంత ఏమొచ్చిందని అడిగింది, నేను కసిరాను. ఇది అచ్చయితే ఆవిడ చదువుతుంది. ఏమంటుందో నాకు తెలియదు. మామగారు ఇంకో తొమ్మిదేళ్లు బతికి, చిన్నల్లుడి చేతిచలవవల్ల షాపు నిలబడిందని అందరికీ చెప్పుకుని పోయారు. రెండేళ్ల కిందట తోడల్లుడు పోతే వెళ్లాను. సమాధితోటలో అందరితోపాటు పిడికెడు మట్టి వేశాను. వేస్తూ కూడా, ఇంత మొండితనం ఏమిటయ్యా, ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయేది అనుకున్నాను. ఆ మాట నాకూ వర్తిస్తుందని ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే తోచింది.

ఇప్పుడు ఆ రేవు దగ్గర వంతెన వచ్చేసింది. బస్సులు కిందనున్న నీటిని చూడకుండానే దాటిపోతాయి. పంటు తుక్కు కింద పోయిందని విన్నాను. నేను రెండో రోజు వేసిన ఆ వెల్డింగు కుట్టు ఏ కొలిమిలో కరిగిందో మరి.

మొన్న గేటు తెచ్చుకోవడానికి మళ్లీ ఆ షాపుకి వెళ్లాను. వెళ్లేముందు అటకమీదినుంచి చెక్కపెట్టె దింపించి తుడిచాను. మా తోడల్లుడు మొలతాడుకి కట్టుకున్న తాళంచెవితోనే తీశాను. షాపతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మళ్లీ కేకలేస్తానని కాబోలు. నేను ఏమీ అనకుండా పెట్టె అతని బల్లమీద పెట్టాను. సన్ననివి, మధ్యరకానివి చూసి సంతోషించాడు, నిజంగానే వాడతానండి అన్నాడు. ఆఖరికి గుడ్డలో చుట్టిన వంకర నాజిల్ విప్పి అతని చేతిలో పెట్టాను. ఎవరూ అడగకుండా దాన్ని ఇంకొకరికివ్వడం అదే మొదటిసారి. అతను అటూ ఇటూ తిప్పి చూసి, ఇదెందుకండి అని అడిగాడు. పాత వెల్డింగు గీరడానికని చెప్పాను. అతను మూల చూపించాడు, అక్కడ కరెంటు గ్రైండరు ఉంది. రెండు నిమిషాల్లో అరగదీసి పారేస్తుందట, గ్యాసూ అక్కర్లేదట, లోపల ఎవరూ కూర్చోనక్కర్లేదట.

“ఇప్పుడు దీంతో పన్లేదండి తాతగారూ. పాతది కదండి, మీ దగ్గరే ఉంచుకోండి,” అని మర్యాదగా తిరిగిచ్చేశాడు.

“ఆయ్,” అని జేబులో పెట్టుకున్నాను.